ఏడుకొండలవాడి కార్ల పందెం

ఆ రోజుల్లో తిరుపతిలో కంప్యూటర్ ఆటను కొనుక్కోవడమంటే మా స్నేహితుల దృష్టిలో పిచ్చి. ఒకడి దగ్గర దొంగ కాపీ ఉంటే వీధంతా ఆడుకునేది. నేను మాత్రం నా ఇంటర్ పరీక్షలయ్యాక, చెన్నై వెళ్ళిన మా మామ చేత కార్ల పందెం ఆట అసలు డిస్కే తెప్పించుకున్నాను. (నిజాయితీగా బతకాలన్న కోరిక అప్పుడే పుట్టింది, దాని ఫలితమూ అప్పుడే తెలిసింది.) డిస్కు పెట్టగానే ముందు ఇంటర్నెట్‌లో ఖాతా తెరవమంది. పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, అన్నీ కావాలట. అలిపిరి దగ్గర పూజాసామాన్ల అంగడి నడిపే మా నాయన నా వెనకే నిలబడి చూస్తున్నాడు.

"డిస్కు మనదే కదరా? మళ్ళా వానికి చెప్పేదేముండాది?"

"దొంగ కాపీ కాదని చూసుకుంటారంట నాయనా."

"కొనుక్కున్నోడ్నే పట్టుకోని దొంగవా అని అడగతాడా? మన పేరు ఇయ్యొద్దు. స్వామి పేరు రాయి."

మా ఇంట్లో కొత్త బీరువా కొన్నా, బోరు వేసినా స్వామి పేరే ముందు. అలాగే రాశాను. పేరు వెంకటేశ్వర, ఇంటిపేరు గోవింద, చిరునామా ఆనందనిలయం, తిరుమల. పుట్టిన తేదీ అడిగితే నాయన ఆలోచించి శ్రవణా నక్షత్రం అన్నాడు. ఆ గడిలో నక్షత్రం పట్టలేదు కాబట్టి సంవత్సరాన్ని ఎంత వెనక్కి పోనిస్తే అంత వెనక్కి జరిపాను. ఆట తెరుచుకుంది. రాత్రింబవళ్ళు ఆడి బోలెడు కార్లు గెలిచాను. ఆఖరి పందెం ముందు ఆట ఆగిపోయింది. వివరాలు అనుమానంగా ఉన్నాయట, గుర్తింపు కార్డు పంపాలట.

నా కార్డు పంపుతానని ఏడ్చాను. "పంపితే ఆ పెట్టె, నువ్వు, ఇద్దురూ బయటుంటారు" అన్నాడు నాయన. పైగా జవాబు తనే చెప్పి నాచేత రాయించాడు: మేము కొన్న బీరువా తాళంచెవి మీ దగ్గర పెట్టుకోవడం ఎక్కడి న్యాయం? నా ఇంగ్లీషులో అది వెళ్ళింది. వెంటనే బదులొచ్చింది: ప్రియమైన వెంకటేశ్వర గారూ, మీ సహనానికి కృతజ్ఞతలు.

"స్వామికి ఉండాదేమో సహనం. నాకు లేదు" అన్నాడు నాయన. అన్నం మానేసి అలిగినా కరగలేదు. ఆట మళ్ళీ తెరుచుకోలేదు.

నిరుడు, ఆ ఖాతాకు ఇచ్చిన నా పాత మెయిలుకు కంపెనీ నుంచి క్షమాపణ వచ్చింది. ఎవరో చొరబడి ఖాతాదారుల పేర్లు, చిరునామాలు ఎత్తుకుపోయారట. అంగడి కట్టేస్తున్న నాయనకు చదివి వినిపించాను.

"పోనీలేప్పా. ఎతుక్కుంటా వచ్చినా కొండకే కదా పోయేది. వాళ్ళకీ దర్శనమైతాది" అన్నాడు.

అలిగి పస్తు పడుకున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుని నవ్వుకున్నాను. ఇప్పుడు చెప్పుల దుకాణంలోనూ అడగకముందే ఫోన్ నంబరు చెప్పేసే మనిషినయ్యాను. ఆ కార్లంటే ఇంకా దిగులే. అయినా మా ఇల్లు ఎక్కడుందో ఆ కంపెనీకి ఈ రోజుకీ తెలియదు.