పద్నాలుగు మంది పసి శ్రోతలు

నెస్టాకి డెబ్బై దాటాయి. ఊళ్లో ఆమెకి భయపడనివి ఆమె ఆవులే. వేల్స్ ఉత్తరాన లీన్ ద్వీపకల్పం చివర, సముద్రపు గాలికి తలుపులు కొట్టుకునే ఇంట్లో అన్నయ్య ఇద్వల్‌తో కలిసి ఉంటుంది. పద్నాలుగు ఆవులు, వంటింట్లో ఒక పాత రేడియో, మాట్లాడని అన్నయ్య. అదీ సంసారం.

ఇద్వల్ మూగవాడు కాదు. రెండేళ్ల క్రితం భార్య బెథన్ పోయాక మనుషులతో మాట్లాడటం మానేశాడు, అంతే. పొద్దున తొమ్మిదింటికి వెల్ష్ రేడియోలో గెథిన్ కార్యక్రమం మొదలైతే మాత్రం నోరు విప్పుతాడు. గెథిన్ వాన పడుతుందంటే "నీ మొహం, పడదు" అంటాడు. పాట బాగుందంటే "నీ మొహం, బాలేదు" అంటాడు. పన్నెండింటికి గెథిన్ సెలవు తీసుకోగానే ఇద్వల్ నోరూ మూతపడుతుంది. రోజు మొత్తంలో నెస్టాకి అన్నయ్య గొంతు వినపడేది ఆ మూడు గంటలే.

ఓ రోజు గెథిన్ చావు కబురు చల్లగా చెప్పాడు. "ఇకనుంచి ఫోన్‌లో, యాప్‌లో వినేవాళ్లనే లెక్కేస్తారట. ఈ నెలాఖరుకి మన లెక్క పెరక్కపోతే ఈ కార్యక్రమం ఉండదు."

"వంటింట్లో రేడియో వినేవాళ్లు మనుషులు కారా?" అని నెస్టా రేడియోని నిలదీసింది. అన్నయ్య రోగం ఆమెకీ అంటుకున్నట్టుంది.

ఇద్వల్ చేత ఫోన్ పట్టించడం ఎవరి తరమూ కాదు. అందుకని చాపెల్ పాటల బృందంలో అందరి పాత ఫోన్లూ అడుక్కొచ్చింది. ఎందుకని అడిగితే "పుణ్యకార్యానికి" అంది. కొట్టంలో ఒక్కో ఆవు తల పైన ఒక్కో ఫోన్ మేకుకి తగిలించి యాప్ పెట్టింది. యాప్ పేరడిగితే ఆవు పేరే, సెరెన్ అని కొట్టింది. వయసడిగింది. చాపెల్‌కి వెళ్లే మనిషి, అబద్ధమెందుకని నిజమే కొట్టింది. సెరెన్‌కి నాలుగు, పెన్వెన్‌కి ఆరు, మొర్విత్‌కి ఐదు.

మూడో వారం కార్డిఫ్‌లోని రేడియో ఆఫీసు నుంచి హెలెద్ అనే అమ్మాయి కారేసుకుని వచ్చింది.

"ఒక్క ఇంట్లోంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు పద్నాలుగు మందండీ! రోజూ మూడు గంటలు కదలకుండా వింటున్నారు. వెల్ష్ భాష బతికిపోయిందని మా ఆఫీసులో కేకు కోశారు. పిల్లలేరండీ?"

"మేత దగ్గరున్నారు," అంది నెస్టా.

హెలెద్‌ది దక్షిణాది. ఉత్తరాది యాస తనకే అర్థం కాలేదనుకుని తలూపింది.

"టీలోకి ఏమన్నా పొయ్యనా అమ్మాయ్?"

"కొంచెం లైత్ పొయ్యండి."

హెలెద్ వైపు లైత్ అంటే పాలు. నెస్టా ఊళ్లో పాలని లెవ్రిత్ అంటారు, లైత్ అంటే మజ్జిగ. ఈ సంగతి నెస్టాకి తెలియక కాదు. అతిథి అడిగింది అడిగినట్టు పోయడం మర్యాద కదా అని, మజ్జిగే పోసింది.

ఒక్క గుక్క తాగేసరికి హెలెద్ మొహం మాడిపోయింది. రేడియో పక్కన కూర్చున్న ఇద్వల్ భుజాలు కదిలాయి. "చూశావా గెథిన్," అన్నాడు రేడియోతో, "మీ ఆఫీసువాళ్లకి పాలకీ మజ్జిగకీ తేడా తెలీదు."

ఇక దాచి లాభం లేదని నెస్టా ఆ పిల్లని కొట్టంలోకి తీసుకెళ్లింది. పద్నాలుగు ఆవులు, పద్నాలుగు ఫోన్లు, పద్నాలుగు గెథిన్లు. హెలెద్ బోర్లించిన బకెట్ మీద కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆపైన దిగులుగా, "వీటిని లెక్కలోంచి తీసెయ్యాలండీ," అంది.

"తీసెయ్యి. ఆవులేమీ అనుకోవులే. కానీ ఆ గెథిన్ పోతే మా అన్నయ్య మాట కూడా పోతుంది. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే అయిపోతానమ్మాయ్."

హెలెద్ బకెట్ మీంచి లేచింది. "ఫోన్ చేసి గెథిన్‌తో మాట్లాడేవాళ్లని కూడా లెక్కేస్తారు. నెలాఖరులోగా రెండొందల మంది చేస్తే గండం గడిచినట్టే."

"మా అన్నయ్యా? ఫోన్ చెయ్యడమా?" అంది నెస్టా.

సోమవారం గెథిన్ మొదలుపెట్టాడు. "మా హెలెద్ లైత్ అడిగితే ఒక ఇంట్లో మజ్జిగ టీ ఇచ్చారట. లైత్ అంటే పాలు కాదనే మొనగాడెవరైనా ఉంటే ఫోన్ చెయ్యండి."

"నీ మొహం, మజ్జిగే," అన్నాడు ఇద్వల్. గెథిన్‌కి వినపడలేదు. దక్షిణాదిన కార్మార్థెన్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఉత్తరాదివాళ్లకి భాషే రాదంది. ఆ వెనకే ఇంకొకాయన లైన్లోకి వచ్చి అవునన్నాడు. ఇద్వల్ కప్పు కింద పెట్టాడు. రేడియో వంక చూశాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"నెస్టా, ఆ ఫోనిలా ఇయ్యి."

రెండేళ్ల తర్వాత అన్నయ్య ఆమెని పేరు పెట్టి పిలిచాడు. నెస్టా ఫోన్ అతని చేతికిచ్చి, నంబరు తనే నొక్కింది. రెండుసార్లు లైను ఖాళీ లేదంది. మూడోసారి కలిసింది. ఇద్వల్ ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచాడు. నెస్టా కళ్లు తుడుచుకుని రేడియో గొంతు పెంచింది.

"నీ మొహం, గెథిన్," అంది రేడియో.