ఈనిడ్ బారెట్ తాళంచెవి

ఈనిడ్ బారెట్ ఇంటి పైగదిలో నేను అద్దెకు దిగేనాటికే ఆమె ముందుగదిలోని రాతబల్ల సగం బల్ల. చూసినవాళ్లకు ఆ సంగతి తెలిసేది కాదు. వాలుగా ఉండే మూత, దాని కింద ఇత్తడి పిడుల సొరుగులు, మూత తెరిస్తే లోపల ఉత్తరాలకూ సిరాబుడ్డికీ చిన్న చిన్న అరలు. మూత దించేముందు రెండు పక్కలా ఉన్న కర్రలు బయటికి లాగి, దానికి ఆనుడు ఇవ్వాలి. అది మరిచిపోతే బందులు ఊడి చేతికొస్తాయి. బల్ల నెత్తిమీద మాత్రం ఎప్పుడూ ఒక లేసుగుడ్డ పరిచి ఉండేది. ఒకనాడు దుమ్ము దులుపుతూ దాన్ని ఎత్తాను. కింద మెరుగు పెట్టని పచ్చి చెక్క.

"కప్పెయ్యి అమ్మాయ్! స్నానం చేసేవాళ్లని చూసినట్టు అలా చూస్తావేం?" అంది ఈనిడ్ గుమ్మంలోంచి.

ఆ చెక్కమీద ఒకప్పుడు అద్దాల బీరువా కూర్చుని ఉండేదని ఆ సాయంత్రం చెప్పింది. మేకులు లేవు, జిగురు లేదు. తన బరువుతో తనే నిలబడేది. వాళ్ల నాన్న ఇంగ్లండులోని ఆ సఫక్ పల్లెలన్నిటికీ విత్తనాలు అమ్మినవాడు. ఆయన పోయాక సంత వీధిలోని ఇల్లు అమ్మేశారు. అక్కా తమ్ముళ్లు సామాను పంచుకున్నారు. నాన్న ఉత్తరాలన్నీ రాసిపెట్టింది గనక కింది భాగం ఈనిడ్‌కి, అమ్మ టీ కప్పులంటే ప్రాణం గనక పై భాగం తమ్ముడు విల్ఫ్రెడ్‌కి. ఆ కప్పుల్ని గడ్డిలో చుట్టి బీరువాలోనే పెట్టారు. బండి కుదుపులకి తలుపులు తెరుచుకోకుండా ఈనిడ్ తాళం వేసింది. రెండు భాగాలకీ తాళంచెవి ఒక్కటే. అది ఆమె కోటు జేబులో ఉండిపోయింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిచాయి. విల్ఫ్రెడ్ అద్దాల వెనకనుంచి గడ్డిని చూస్తూనే ఉన్నాడు.

పోట్లాట ఏమీ లేదు. అదుంటే నయమే, రాజీ పడేవాళ్లు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. చర్చికి ఈ పక్క ఆమె, ఆ పక్క అతను. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వాకిట్లో కలుసుకునేవారు.

"వాన వచ్చేలా ఉంది, విల్ఫ్."

"రానీ, చేలకి మంచిదే."

అంతే. ఎవరి దారిన వాళ్లు.

నేను ఊళ్లో గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. విల్ఫ్రెడ్ రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైనవాడు, పుస్తకాలకి వస్తుండేవాడు. ఒకసారి చనువు తీసుకుని, తాళంచెవి అడగొచ్చు కదండీ అన్నాను.

"ఇవ్వాలనుంటే ఈపాటికి ఇచ్చేదేగా? పెద్దది. నోరు తెరిచి అడిగి ఆవిణ్ణి ఇబ్బంది పెట్టనా?"

"పోనీ తాళాలవాణ్ణి పిలిస్తే క్షణంలో తీస్తాడు."

"మా నాన్న తాళాన్నా?" అన్నాడు, వాళ్ల నాన్న పళ్లు ఊడబీకమన్నట్టు నావంక చూసి.

ఇంటికొచ్చి ఈనిడ్‌నీ అడిగాను. "కావాలంటే అడిగేవాడు. అడక్కుండా నేను పట్టుకెళ్తే, ఇన్నేళ్లూ దాచుకు కూర్చున్నానని ఒప్పుకున్నట్టు కాదూ?" అని సొరుగు మూసేసింది. అడగడం మోటుతనం అక్కడ. అడక్కుండా ఇవ్వడం అంతకంటే మోటు.

ఆ చలికాలం విల్ఫ్రెడ్ చర్చికి రావడం మానేశాడు. ఈనిడ్ వాకిట్లో కాసేపు నిలబడి, ఆకాశం చూసి వచ్చేసేది. అలా కొన్ని ఆదివారాలు చూశాక పాదిరి భార్య ఆమెని పక్కకి పిలిచి చెప్పింది: ఊపిరితిత్తులు పాడైపోయాయట, వచ్చే చలికాలం చూడడం కష్టమన్నాడట డాక్టరు.

ఆ గురువారం ఈనిడ్ టోపీ పెట్టుకుంది, కోటు వేసుకుంది. "కేకు మోసుకురా, అమ్మాయ్. నా చేతులు ఖాళీ లేవు," అంది. ఆమె చేతుల్లో తాళంచెవి తప్ప ఏమీ లేదు.

విల్ఫ్రెడ్ తలుపు తీసి, గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "పోస్టువాడేమో అనుకున్నాను."

"పోస్టువాడు కాళ్లు తుడుచుకుని వస్తాడుట్రా? జరుగు," అంది ఈనిడ్ గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకుంటూ.

బీరువా నేలమీదే ఉంది. ఆమె మోకాళ్లమీద కూర్చుని తాళం తిప్పింది. మొరాయిస్తుందనుకున్నాను. నిన్ననే వేసినట్టు తెరుచుకుంది. ముట్టుకుంటే గడ్డి పొడైపోయింది. లోపల నీలి అంచు కప్పులు. ఒకదానికి పెచ్చు ఊడి ఉంది.

"ఇది నీ నిర్వాకమే, విల్ఫ్."

"నాదా? పిల్లిది."

"పిల్లి చచ్చిపోయాక కొన్న కప్పులివి."

"అయితే దాని దయ్యం," అన్నాడు. నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. ఆమె వీపు నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, టీ పెట్టడానికి లేచింది.

రెండు భాగాలూ మళ్లీ కలుపుదామని ఆ రోజే అనుకున్నారు. విల్ఫ్రెడ్ చేతికర్రతో బీరువా కొలిచాడు. ఆ కర్రే తెచ్చి ఈనిడ్ తన ఇంట్లో కొలిచింది. సంత వీధి ఇంటి పైకప్పు ఎత్తైనది. ఈ ఇళ్లలో దూలాలు తలకి తగులుతాయి.

"బీరువా పైనున్న ఆ చెక్క కిరీటం కోసేస్తే సరిపోదూ?" అన్నాడతను.

"ముందు నీ తల కోస్తాను."

దాంతో ఆ మాట ఆగిపోయింది. గురువారాలు మాత్రం మిగిలాయి. వెళ్లగానే తాళం తీసేది, కప్పులు దించేది, టీ అయ్యాక కడిగి, తుడిచి, మళ్లీ తాళం వేసేది. తాళంచెవి చేతిసంచిలో వేసుకుని వచ్చేసేది. ఉంచి వెళ్లమని అతను అనలేదు. ఆమె సంచి మూసేటప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూసేవాడు. తాళంచెవి ఆమె దగ్గరుంటేనే మళ్లీ గురువారం రావాలి కదా, నాకు అర్థమైంది. వాళ్లిద్దరికీ ఎప్పుడో అర్థమై ఉంటుంది.

అతను వేసవి చూశాడు. ఆపిళ్లు కోసేవేళకి పోయాడు.

బీరువా ఈనిడ్ ఇంటికి వచ్చింది. మోసుకొచ్చినవాళ్లు దాన్ని రాతబల్ల మీదికి ఎత్తబోయి, దూలం చూసి, పక్కన నేలమీద దించారు. ఒకటి వాలు మూతతో, ఇంకొకటి అద్దాలతో, ఒకే గోడకి ఆనుకుని నిలబడ్డాయి.

తర్వాతి గురువారం నేను మెట్లు దిగుతూ ఆగిపోయాను. వంటింట్లోంచి ఈనిడ్ వస్తోంది. టోపీ పెట్టుకుంది, కోటు వేసుకుంది, చేతిసంచి తగిలించుకుంది. ముందుగది గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకుంది. మోకాళ్లమీద కూర్చుని తాళం తీసి రెండు కప్పులు దించింది. మంచిదాంట్లో టీ పోసుకుంది. పెచ్చు ఊడినదాన్ని ఎదురుగా పెట్టింది.

"వాన వచ్చేలా ఉంది," అంది, కిటికీవైపు చూస్తూ.

పలుకుదామనుకున్నాను. అది నాతో అన్న మాట కాదు.

టీ అయ్యాక రెండు కప్పులూ కడిగింది, రెండూ తుడిచింది. తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుని, వంటింట్లోకి వెళ్లి టోపీ తీసేసింది.