మాయ కట్టిన మేడిచెట్టు

"పోయిండట సారు. మా బర్లను మింగినోడు పోయిండు."

మా ఇంట్లో పాలు పోసే ఆమె గిన్నెలోకి చెంబు వంచుతూ అంది. మాదాపూర్ పశువుల డాక్టర్ చనిపోయారన్న కబురు నాకు అలా తెలిసింది. ఆ రోజు ఆమె కొసరు కూడా పోసింది. ఇప్పుడు ఆమెకు బర్రెల్లేవు. లింగంపల్లిలో పాలు కొని తెచ్చి పోస్తుంది.

డాక్టర్‌కు చాలాకాలంగా జ్వరం. తగ్గేది, తిరగబెట్టేది. బర్రెలు ఈసుకుపోయే రోగం, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయే రోగం, మనుషులకూ అంటుతుంది. ఆయనకు అది గుండెదాకా పోయిందని దవాఖానలో చెప్పారు. చేతి తొడుగులు అందని రోజుల్లో ఆయన ఉత్త చేతులతోనే పనిచేశారు.

కోస్తా మనిషి. బర్రెను కూడా "కాస్త జరగండి" అనేవారు. "మా బర్రెకు తెలుగు రాదు సారు, ఉర్దూల చెప్పు" అని పాలామె భర్త ఆటపట్టించేవాడు. డాక్టర్ భుజం దాకా సబ్బు రాసుకుని, చెయ్యి బర్రె లోపల పెట్టి, కళ్లు మూసుకునేవారు. పక్కన ఎవరైనా మాట్లాడితే "చెయ్యి వింటోందండి, ఆగండి" అనేవారు. తర్వాత చూడిదో వట్టిదో ఒక్క ముక్కలో చెప్పేవారు. ఆ ముక్కను మెత్తబరచడం ఆయనకు చేతకాలేదు. "మెత్తగా చెబితే రేపు మళ్లీ చెప్పాల్సి వస్తుందండి" అని ఒకసారి నాతో అన్నారు.

ఇక్కడ బర్రె ఈనాక పడిన మాయను గడ్డిలో చుట్టి, పాలు కారే చెట్టుకు కడతారు. చెట్టులో పాలున్నట్టే పొదుగులోనూ ఉంటాయని నమ్మకం. మునుపు ప్రతి కొట్టం దగ్గరా అలాంటి చెట్టు ఉండేది. అద్దాల మేడలకు రోడ్డు వేసినప్పుడు అవన్నీ కొట్టేశారు. చెరువు దారిలో ఒక్క మేడిచెట్టు మిగిలితే అందరూ దానికే కట్టసాగారు. ఈసుకుపోయిన బర్రెల మాయలు కూడా కట్టారు, ఇంకా భయంతో, ఇంకా ఎత్తున. తాడు కుళ్లి తెగితే కుక్కలు ఈడ్చుకుపోయేవి. మిగిలినది కింద గడ్డి మీద కారేది. నీళ్లకు పోయే ప్రతి బర్రె ఆ గడ్డిలో మూతి పెట్టేది.

ఒక్కో కొట్టంలో దూడలు పడిపోసాగాయి. బండలు పేల్చే చప్పుడుకు కడుపులు జారుతున్నాయని జనం అనుకున్నారు. డాక్టర్ బర్రెల రక్తం తీసి పరీక్షకు పంపారు. రోగం ఉందని ఫలితం వచ్చిన రోజు కిరసనాయిలు డబ్బాతో మేడిచెట్టు దగ్గరకు వెళ్లి, మూటలు దింపి అంటించారు. పాలామె పరుగున వచ్చింది. వెనకే మిగతా వాళ్లు.

"ఏంది సారు గిది? మా పాలను కాలవెడ్తున్నవా?"

"పాలు కాదమ్మా, రోగం అండి."

"పోయి నీ ఊళ్ల కాల్చుకో!"

"మా ఊళ్లో కట్టినా కాల్చేవాణ్నే."

ఆమెకు మిగిలిన ఆశ ఒక్కటే బర్రె. మిగతావన్నీ ఈసుకుపోయి వట్టిపోయాయి. ఇది కడుపు నిలుపుకుంటే ఇంట్లో పాడి ఉంటుంది. లేకపోతే మొగుడూ పెళ్లాం మేడల దగ్గర తట్ట మోయాలి. అందుకే గొంతు తగ్గించి అడిగింది.

"నా బర్రెకు లేదు గద సారు?"

"దానికీ ఉందండి. దూడ మీద ఆశ పెట్టుకోకండి."

"జర మంచిగ చెప్పు, నీ నోట."

"మంచిగా చెబితే మీరు దాన్ని విడిగా కట్టరు."

ఆమె వంగి గుప్పెడు మన్ను తీసి ఆయన ముఖాన కొట్టింది. ఆయన కళ్లు తుడుచుకుని తక్కిన మూటలు కూడా కాల్చారు. ఆ తర్వాత ఎవరి మాయలు వాళ్లు గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చేదాకా రోజూ వచ్చి తిట్లు తిన్నారు. మరుసటి ఈతకు పక్క కొట్టాల్లో దూడలు నిలిచాయి. అందుకు ఎవరూ ఆయన్ను తలచుకోలేదు. మా పిల్లలు తాగింది ఆ కొట్టాల పాలే. అందుకే ఇది రాస్తున్నాను.

పాలామె బర్రె మాత్రం మూటలు కాల్చిన వారం తిరగకముందే నొప్పులు పడింది. పొద్దున్నే పక్క కొట్టానికి పాలకని వెళ్లిన నేను అక్కడే ఉన్నాను. ఆమె భర్త డాక్టర్‌ను పిలుచుకొచ్చాడు. ఆయన సున్నం బస్తాతోనే వచ్చారు. అది చూసి ఆమె పళ్లు కొరికింది.

దూడ బయటపడింది. ఒంటి మీద వెంట్రుకలు సరిగా రాలేదు. డొక్క మాత్రం ఎగిసిపడుతోంది.

"ఊపిరుంది! చూడు సారు, ఊపిరుంది! నీ మాట అబద్ధమైంది!" అని ఆమె కొంగుతో దూడ మూతి తుడవబోయింది. ఆయన ఆ చెయ్యి పట్టి పక్కకు లాగారు.

"ముట్టుకోకండి. మీకూ అంటుతుంది. అది బతకదమ్మా."

"నీ నోరు పడిపోను! ఒక్కసారన్న బతుకుతదని అనవా?"



బర్రె మెల్లగా వెనక్కి తిరిగి దూడను నాకసాగింది. నాకనివ్వద్దని అన్ని కొట్టాల్లోనూ చెప్పింది ఆయనే. భర్త కర్రతో అదిలించబోతే డాక్టర్ ఆపారు.

"దాన్ని నాకనివ్వండి. దానికి ఇంక కొత్తగా అంటేదేం లేదు."

దూడ డొక్క ఎగరడం ఆగింది. బర్రె నాకడం ఆపలేదు. ముందు వీపు, తర్వాత చెవులు, తర్వాత మూసుకున్న కళ్లు. ఆయన సున్నం బస్తా మీద కూర్చుని, అది చాలించే దాకా లేవలేదు.