నల్లమెడ కొంగ మేసిన చోటు

యాభైల చివర్లో నేను సూళ్లూరుపేటకు అవతల, పులికాట్ ఒడ్డునున్న ఒక పల్లెలో బడిపంతుల్ని. ఏటా కార్తీకంలో వానలు పడ్డాక అక్కడికి ఒక పక్షుల జంట వచ్చేది. మనిషి ఛాతీ ఎత్తు, ఎర్రటి కాళ్లు, నిగనిగలాడే నల్లటి మెడ. ఆడదాని కన్ను పసుపు, మగదానిది నలుపు. పల్లెవాళ్లు నల్లమెడ కొంగలనేవారు. సరస్సులో ఎవరు ఎక్కడ వల వెయ్యాలో పెద్దలు వంతులు వేసేవారు గానీ, ఆ జంట మేసే చోటును మాత్రం ఎవరి వంతులోనూ కలిపేవారు కాదు. అది వాటి వంతు.

నాకు ఆ చోటు చూపించింది మా పక్కింటి ముసలి జాలరి. పరాయివాళ్లకు చెప్పొద్దని అడిగాడు. సరేనన్నాను.

మద్రాసులో పక్షుల గురించి బాగా చదువుకున్న పెద్దమనిషి ఒకాయనతో నాకు ఉత్తరాల పరిచయం ఉండేది. అంత అపురూపమైన పక్షి మా దగ్గరుందంటే నమ్మనన్నాడు. నాకు రోషం వచ్చింది. మూడేళ్లపాటు ఆ జంట వచ్చిన రోజూ, వెళ్లిన రోజూ, మేసిన చోటూ కార్డుల మీద రాసి పంపాను. ఆయన ప్రతి జవాబులోనూ మెచ్చుకునేవాడు. పల్లెటూరి పంతులు ఒళ్లు మరిచిపోవడానికి ఆ మెప్పు చాలు.

అరవైల మొదట్లో ఆయనే వచ్చాడు. మా ఇంట్లో చేపల పులుసు తిని, మా ఆవిడను అమ్మా అని పిలిచాడు. చూసి వెళ్లిపోతాడని జాలరికి నేనే పూచీపడ్డాను. పొద్దున పడవెక్కుతుంటే ఆయన చేతిలోని పొడవాటి తోలుసంచి ఏమిటని జాలరి నన్నడిగాడు. దుర్భిణిని నిలబెట్టే కాళ్లన్నాను. ఆయన నాకు చెప్పిందీ అదే. జాలరి పడవ నెట్టే గెడ అందుకున్నాడు.

తుపాకీ మోగాక గానీ నాకు తెలివి రాలేదు. ఆడపక్షి నీళ్లలో కూలబడింది. ఆయన తీరిగ్గా దాని రెక్కలు తుడిచి, గుడ్డలో చుట్టి, మ్యూజియంలో వందేళ్లు ఉంటుందని నవ్వుతూ చెప్పాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు.

మగపక్షి నాలుగు రోజులు అక్కడక్కడే తిరిగి, తర్వాత కనబడలేదు. మరుసటి కార్తీకమంతా రోజూ వెళ్లి చూశాను. రాలేదు. పెద్దలు ఆ చోటును కూడా వంతుల్లో కలిపేశారు.

ఆ కడుపుమంట పట్టలేక జాలరి దగ్గరికి పోయి, మద్రాసాయన నన్ను ఎంత మోసం చేశాడో చెప్పుకున్నాను. నా అన్నం తిని నాకే ద్రోహం చేశాడన్నాను. ముసలాయన వల కుట్టుకుంటూ అంతా విన్నాడు.

"ఆయనెవురో నాకేం తెలుసు అయివోరా," అన్నాడు. "నేను నమ్మినాను మిమ్మల్ని."