ఆమె చేసిన ఉగ్గాని

వంటల వీడియోలు చేసే ఒకామె నన్ను ప్రేమించిందని బళ్ళారి గాంధీనగర్ టీ అంగడిలో ఏడాదిపాటు చెప్పుకున్నాను. నాకోసం మొగుణ్ణి కూడా వదిలేస్తానందని కలిపాను. నిజానికి ఆమెకు నేనెవరో తెలియదు.

భార్య పోయాక మాట్లాడే మనిషి లేక ఫోన్ పట్టుకున్నాను. ఒకరోజు ఆమె వీడియో కింద "ఉగ్గాని చేయమ్మా" అని రాశాను. మరుసటి వారం చేసింది. బళ్ళారి వైపు బొరుగులతో ఉగ్గాని చేయని ఇల్లుండదు. అయినా అది నాకిచ్చిన జవాబే అనుకున్నాను. ఆ తర్వాత ఆమె కట్టిన చీర రంగు కూడా నాకు పంపిన కబురే. రోజంతా మెసేజీలు పెట్టాను. వీడియోలో కిటికీ అవతల కనబడిన రైస్ మిల్లు బోర్డును బట్టి ఊరు కనుక్కొని, సిరుగుప్ప బస్సెక్కాను.

లోపలికి పిలిచి కాఫీ ఇచ్చిందని అందరికీ చెప్పాను. ఆమె తలుపు సగమే తీసి, నన్ను గడప బయటే నిలబెట్టిందని చెప్పలేదు.

"ఆ మెసేజీలు పెడ్తాండేది మీరేనా? పిల్లోళ్ళుండే ఇల్లప్పా, బయమైతాది. పోండి," అంది.

సంగతి తెలిసి మా తమ్ముడు నన్ను మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. ఇదొక జబ్బని ఆయన మాత్రలిచ్చాడు. కొన్ని నెలలకు నా నమ్మకం కరిగిపోయి, సిగ్గు మిగిలింది.

"తప్పయిందని ఒక్క మెసేజీ పెడ్తా సార్," అని డాక్టరుతో అన్నాను.

"వద్దప్పా. అది గూడా నీ మెసేజే కదా. చూస్తానే ఆయమ్మకు మళ్ళా బయమైతాది."

అప్పటినుంచి ఆమెకు ఏమీ రాయలేదు. ఒక్కణ్ణే ఇంట్లో కూర్చొని, రాయకుండా ఉండటమే ఇప్పుడు రోజంతా నా పని.