టికెట్ లేని జాము

"తాతగారూ, మీరు మా కొట్టుకి కొనడానికొస్తారా, పట్టుకోడానికొస్తారా?"

అట్టపెట్టెల కొట్టులో డబ్బులు పుచ్చుకునే అమ్మాయి ఒకనాడు టీసీ మామయ్యని ముఖం మీదే అడిగేసింది. అడగదూ మరి? ఆయన ఒక జాము సీసాని దీపానికి ఎదురుగా పట్టుకుని, తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, మూత వాసన చూసి, మళ్ళీ మొదటికొచ్చాడు. వెనక వరసలో జనం బుట్టలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నారు.

"కొనడానికే తల్లీ. ఇంత తక్కువకి ఎందుకిస్తున్నారో చెప్పు, కొంటాను."

"చవగ్గా ఇవ్వడం కూడా తప్పేనా?"

"తప్పని నేనన్నానా? టికెట్ లేకుండా బండెక్కినవాడు కూడా 'నేనేం చేశానండీ' అనే అంటాడు."

మామయ్యకి ఉన్న జబ్బు అనుమానం ఒక్కటే. మిగతా ఒళ్ళంతా ఇనుము. ఉద్యోగమంతా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేస్తూ గడిపిన మనిషి. పదవీ విరమణ నాడు రైల్వే వాళ్ళు నల్లకోటు వెనక్కి పుచ్చుకున్నారు గానీ, అనుమానాన్ని ఆయన దగ్గరే వదిలేశారు. ఆయన గదిలో గోడకి మూడు గడియారాలుండేవి. ఒకటి సరిగా నడుస్తోందో లేదో చూడటానికి రెండోది కొన్నాడు. రెండూ ఒకే సమయం చూపించేసరికి అవి కూడబలుక్కున్నాయేమోనని మూడోది కొన్నాడు.

తిండి సంగతిలో ఆ అనుమానం రాజ్యమేలేది. ఆ వీధికి ఈ చివర గాజుకొట్టు, ఆ చివర అట్టపెట్టెల కొట్టు. గాజుకొట్టులో అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. లోపల చల్లగా ఉంటుంది. ఆపిల్ పళ్ళని దూదిలో పడుకోబెడతారు. అట్టపెట్టెల కొట్టులో తలుపు మనమే తోసుకోవాలి. సరుకు వచ్చిన పెట్టెల్లోనే ఉంటుంది, వంగి తీసుకోవాలి. ధర మాత్రం సగం. మిగతా సగం ఎటు పోయిందన్నదే మామయ్య ప్రశ్న.

"చవక సరుకు దొంగ. ఖరీదు సరుకు దొర," అనేవాడు. "దొర కూడా దొంగే కావచ్చు, కాదన్ను. కానీ టికెట్ కొనుక్కున్న దొంగ."

ఈ సిద్ధాంతాన్ని ఎక్కువగా భరించింది ఆయన మేనకోడలు. పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే పని ఆమెది. ఆ వీధిలోనే రెండు గదుల ఇంట్లో భర్తతోనూ అత్తగారితోనూ ఉండేది. మామయ్య ఎదురింటి మేడమీద గదిలో ఒంటరిగా కాపురం. రోజూ సాయంత్రం వీళ్ళింటికి కాఫీకి వచ్చేవాడు. వచ్చి కప్పులోకి తొంగి చూసేవాడు.

"ఇవేం పాలు?"

"పాలే మామయ్యా."

"పాలని అవి చెప్పాయా, అమ్మినవాడు చెప్పాడా?"

అత్తగారు గదిలోంచి కేకేసేది. "అన్నయ్యగారూ, ఆవుని పిలిపించమంటారా సాక్ష్యానికి?"

"పిలిపిస్తే మంచిదే చెల్లెమ్మా. అడ్డప్రశ్నలు నేనేస్తాను."

ఆవిడ బళ్ళో పెద్దపంతులమ్మగా చేసి దిగింది. వీధంతా హెడ్మాస్టరమ్మ అనే పిలిచేవారు. మామయ్యకి దేనిమీదా నమ్మకం లేకపోతే, ఆవిడకి గాజుకొట్టు మీద అంతా నమ్మకమే. రొట్టె, వెన్న, జాము, కాఫీపొడి అన్నీ అక్కడివే రావాలి. "డబ్బు ఎక్కువ పుచ్చుకునేవాడికి సిగ్గుంటుంది. అందుకని మంచిదిస్తాడు," అనేది. ఈ వాక్యాన్ని గాజుకొట్టువాళ్ళు బోర్డుమీద రాయించుకోవాల్సింది.

ఇంతలో రెండు ముచ్చట్లు ఒకేసారి జరిగాయి. భర్త పనిచేసే అచ్చాఫీసు మూతపడింది. అత్తగారికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. ఆస్పత్రి ఆవిడ పింఛన్ని తీరిగ్గా నమిలి మింగి, ఆవిడని సగం మనిషిని చేసి ఇంటికి పంపింది. మందులు అయిపోయాయి, ఇక తినడమే మందు అన్నాడు డాక్టరు. పేదరికంలో ఒక అందముందని చెప్పేవాళ్ళు సాధారణంగా భోంచేసి వచ్చి చెబుతారు. మేనకోడలికి అంత తీరిక లేదు. చేతిసంచీ పట్టుకుని వీధికి ఆ చివరకి నడిచింది.

అత్తగారికి నాలుక నీరసించింది గానీ కళ్ళు నీరసించలేదు. రొట్టె కాగితం చూసింది. పళ్ళెం పక్కకి జరిపింది.

"ఇదెక్కడిది?"

"కొట్టుదే అత్తయ్యా."

"ఏ కొట్టు?"

మేనకోడలు రొట్టె కాగితం నలిపి గుప్పిట్లో దాచింది.

"నాకు ఆకలిగా లేదమ్మా."

మర్నాడూ ఆకలి లేదు. ఆ మర్నాడూ లేదు. కోపం లేదు, అరుపుల్లేవు. అరిస్తే సమాధానం చెప్పొచ్చు, మర్యాదగా పస్తుంటే ఏం చెయ్యగలం? భర్త బతిమాలాడు. "అమ్మా, అన్నీ ఒకటేనే!" అన్నాడు. "ఒకటే అయితే రెండు కొట్లెందుకురా?" అంది ఆవిడ, గోడవైపు తిరిగి. చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. మేనకోడలు వంటింట్లో నిలబడి లెక్క వేసింది. గాజుకొట్టు సరుకు తెస్తే వారం తిరక్కుండా అద్దె డబ్బు ఆవిరవుతుంది. తేకపోతే అత్తగారు ఆవిరవుతుంది.

ఆ సాయంత్రం మామయ్య కాఫీకి వచ్చి సంగతి విన్నాడు. మేనకోడలు నెత్తి కొట్టుకుంది. ఉన్న అనుమానం చాలక ఈయనొకడా! ఈయన కూడా అత్తగారి పక్షమే వహిస్తాడని ఆమెకి ఖాయంగా తెలుసు.

ఆయన వహించాడు కూడా. "చెల్లెమ్మ అన్నదాంట్లో తప్పేముంది? ఆ కొట్టు సరుకుని నేను చచ్చినా నమ్మను," అన్నాడు గట్టిగా, గదిలోకి వినబడేలా. "కానీ నేను గాజుకొట్టునీ నమ్మను. పరీక్ష పెట్టాలి."

పరీక్ష అన్న మాట వినగానే గదిలో మంచం కిర్రుమంది. బళ్ళో బతుకు గడిపిన మనిషి, ఆ మాటకి లేచి కూర్చోకుండా ఉండగలదా?

మర్నాడు మామయ్య తన గదినుంచే రెండు పళ్ళేలు మూతపెట్టి తెచ్చాడు. రెండింట్లోనూ జాము రాసిన రొట్టె. ఏది ఎక్కడిదో పళ్ళెం అడుగున సుద్దముక్కతో రాసి ఉందన్నాడు. తువ్వాలుతో ఆవిడ కళ్ళకి గంత కట్టించాడు.

"కనిపిస్తోందా చెల్లెమ్మా?"

"లేదు."

"నిజంగా?"

"అన్నయ్యగారూ, నేను జన్మలో కాపీ కొట్టలేదు!"

మొదటి ముక్క కొరికింది. "ఫర్వాలేదు. పండు తెలుస్తోంది." రెండోది నమిలి, ఆగి, ఇంకో ముక్క అడిగి మరీ నమిలింది. "ఇదీ! ఇది గాజుకొట్టుది. చూడు, ఎంత హుందాగా ఉందో! రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా."

మామయ్య ఆ రెండో పళ్ళెం తిరగేశాడు. అడుగున సుద్దతో 'అట్ట' అని రాసి ఉంది.

ఆవిడ గంత విప్పుకుని ఆ రెండక్షరాలూ దిద్దుతున్నట్టు చూసింది. ఫలితాన్ని కాదనడం ఆవిడ ధర్మంలో లేదు. ఎందరు పిల్లలకి చెప్పిందో ఆ మాట! "సరే. రాత్రికి ఇంకో రెండు ముక్కలు చేసిపెట్టమ్మా," అంది. మేనకోడలు వంటింట్లోకి పరిగెత్తుకెళ్ళి చెంగుతో ముఖం తుడుచుకుంది. మామయ్య ఈలోగా పళ్ళేలు రెండూ తనే కడిగేశాడు. ఆయన పళ్ళెం కడగడం ఆమె చూడటం అదే మొదటిసారి. ఆనందంలో ఎవరు గమనిస్తారు?

ఆనాటినుంచి సరుకు తెచ్చే పని మామయ్య లాక్కున్నాడు. మేనకోడలు డబ్బిస్తే ఆయన అట్టపెట్టెల కొట్టుకి వెళ్ళి, సంచీ నేరుగా తన గదికి పట్టుకుపోయి, "తనిఖీ" చేసి, గంటకో రెండు గంటలకో తెచ్చిచ్చేవాడు. ప్రతి ప్యాకెట్టూ విప్పి ఉండేది. ప్రతి సీసా మూతా వదులుగా ఉండేది.

"మామయ్యా, బిస్కెట్లు మెత్తబడిపోతాయి! ఎందుకు విప్పుతారు?"

"లోపలేముందో తెలియద్దూ?"

"బిస్కెట్లని పైన రాసుంది కదా!"

"నా ముందు నిలబడి 'నేను స్టేషన్ మాస్టరు బావమరిదిని' అన్నవాళ్ళు రోజుకి నలుగురుండేవారు. ఒక స్టేషన్ మాస్టరుకి ఎంతమంది భార్యలుంటారే?"

ఆమెకి ఒళ్ళు మండేది. ముసలాయన తీపి తినడానికి ఇదో సాకేమో అనుకునేది. బిస్కెట్లు లెక్కపెట్టింది కూడా. తగ్గలేదు. పోనీలే అనుకుంది. అత్తగారు మాత్రం దినదినమూ తేరుకుంది. గాజులు మణికట్టు దగ్గరికి దిగొచ్చాయి. పక్కింటివాళ్ళని పిలిచి మరీ అట్టపెట్టెల కొట్టు గొప్పతనం మీద పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

కొన్ని నెలలు ఇలా గడిచాక మామయ్య తన మేడమెట్లు దిగుతూ కాలు బెణికించుకున్నాడు. మెట్లలో ఒకటి కావాలనే పొట్టిగా కట్టారని ఆయన వాదన. ఆ వారం మేనకోడలే కొట్టుకి వెళ్ళి సరుకు తిన్నగా ఇంటికి తెచ్చింది. ఏ తనిఖీ లేదు. మూతలన్నీ బిగుతుగా ఉన్నాయి.

అత్తగారు జాము నాలుకమీద వేసుకుని కళ్ళు మూసుకుంది. మేనకోడలికి ఎందుకో భయం వేసింది.

"ఈసారిది ఇంకా బాగుందే! మీ మామయ్య విప్పి గాలి తగిలించడంవల్ల రుచి పోతోందన్నమాట. కాఫీ కూడా బ్రహ్మాండం. వెన్న ఒక్కటే కాస్త సబ్బుముక్కలా ఉంది."

మర్నాడు ఆ రొట్టే జామూ వెన్నా పళ్ళెంలో పెట్టుకుని మేనకోడలు మామయ్యని చూడబోయింది. ఆయన గదిలో అలమర తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల గిన్నెల్లో పోసి ఉంచిన అట్టపెట్టెల కొట్టు బిస్కెట్లు, అట్టపెట్టెల కొట్టు జాము, అదే కొట్టు కాఫీపొడి, సగం తిన్న రొట్టె. మంచం కింద చెత్తబుట్టలో గాజుకొట్టు బంగారురంగు కాగితాలు. ఆమె ఆ బుట్టనీ, అలమరనీ, మంచమ్మీది మనిషినీ మార్చి మార్చి చూసింది. మేనమామ పోలిక ఊరికే పోతుందా? అనుమానం ఆమె రక్తంలోనూ ఉంది.

"మామయ్యా. మేం తిన్నదేమిటి?"

"రొట్టె."

"ఏ కొట్టు రొట్టె?"

టీసీకి టికెట్ అడిగించుకోవడం కొత్త. దిండు సర్దుకున్నాడు. గడియారాలకేసి చూశాడు. మూడూ ఆయనకి సాయం రాలేదు.

"జబ్బు మనిషే అమ్మా ఆవిడ," అన్నాడు చివరికి. "అంత చవక సరుకు ఒంట్లోకి ఎలా పంపను? ఏముందో ఏమిటో! గాజుకొట్టుది కొని అట్టపెట్టెల కొట్టు సీసాల్లో, కాగితాల్లో మార్చి పెట్టేవాణ్ణి."

"మరి మేమిచ్చిన డబ్బుతో కొన్నది?"

"పారెయ్యలేం కదా. నేనే తిన్నాను."

"అనుమానం సరుకు మీరు తిన్నారా!"

"ఎవరో ఒకరు తిని చూడాలి కదే. నేనింకా చావలేదు. అదే నాకూ అర్థం కావట్లేదు."

ఆమెకి పళ్ళేల సంగతి గుర్తొచ్చింది. "ఆ రోజు పరీక్ష?"

"రెండూ గాజుకొట్టువే. రెండు పళ్ళేల వెనకా 'అట్ట' అనే రాశాను. ఏది ఎంచినా ఆవిడ పాసవ్వాలి."

"నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా అంది అత్తయ్య!"

"పాపం, ఒకే సీసాలోదే."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెంటిలో నవ్వే ముందొచ్చింది. అత్తగారు నిన్న అన్నమాట చెప్పింది. తనిఖీ లేని సరుకే ఇంకా బాగుందట. మామయ్య నమ్మలేదు. ససేమిరా అన్నాడు. జబ్బుచేసి ఆవిడ నాలుక పాడైంది, తన నాలుక సంగతి వేరు అన్నాడు. ఆమె చెంగుతో ఆయన కళ్ళకి గంత కట్టింది. చెత్తబుట్ట పక్కనే గాజుకొట్టు జాము కొసరు మిగిలి ఉంది, వెన్న, కాఫీపొడి కూడా. తను తెచ్చిన పళ్ళెంలో అట్టపెట్టెలది సిద్ధం. ఒకదాని తర్వాత ఒకటి నాలుకకి రాసింది.

"ఇది గాజుకొట్టు జాము. కళ్ళు పొడిచినా చెబుతాను."

"అట్టపెట్టెలది మామయ్యా."

"కాఫీ పెట్టు."

కాఫీ కూడా తప్పాడు. వెన్న దగ్గర మాత్రం ముఖం వికారంగా పెట్టి, "ఇది అట్టపెట్టెలది, సందేహం లేదు," అన్నాడు. అది నిజమే. మొత్తం చదువులో ఆయన ఒక్క వెన్నలోనే పాసయ్యాడు.

గంత విప్పుకుని ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు మార్చావు."

"నేనెందుకు మారుస్తాను?"

"నేనెందుకు మార్చాను?" అన్నాడు ఆయన. ఇద్దరూ కూర్చుని రొట్టె తిన్నారు.

అత్తగారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫలితాలు వచ్చేశాక పేపరు లీకయిందని చెబితే ఎవరికి లాభం? వెన్న ఒక్కటీ గాజుకొట్టు నుంచి తెచ్చుకునేలా మేనకోడలే ఏర్పాటు చేసింది. తర్వాత భర్తకి వేరే అచ్చాఫీసులో పని దొరికింది. మొదటి జీతం రోజున ఆమె సంచీ భుజాన వేసుకుని మేడమెట్లెక్కి, ఇన్ని నెలలూ గాజుకొట్టు సరుకు దేనితో కొన్నారని మామయ్యని నిలదీసింది. గాజుకొట్టువాళ్ళిచ్చిన కార్డు మీద అరువు అని తేలింది. ఆమె డబ్బు బల్లమీద పెట్టింది. ఆయన ఒక్కో నోటూ కిటికీ వెలుగుకి పట్టుకుని చూసి, దొంగనోట్లలా ఉన్నాయని వెనక్కిచ్చేశాడు.

గాజుకొట్టుకి ఆ కార్డు మీద ఇంకా మూడు వాయిదాలు బాకీ ఉన్నాయి.