ఒక్క పోస్టుతో పది మందిని చంపాను

నేను పది మందిని చంపాను. కంగారుపడి పోలీసులకు ఫోన్ చేయకండి. ఆ పది మందీ మరుసటి ఆదివారమే సికింద్రాబాద్‌లో నా ఎదురుగా కూర్చుని టీ తాగారు. చంపడం కన్నా ఆ టీ తాగడమే ఘోరం.

గల్లీకో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలిసిన రోజులవి. విజయనగరం నుంచి వచ్చి, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగంలో కుదిరాను. ఆఫీసులో జీతానికి వెతికేది చాలక బయట ఉచితంగా వెతికేవాణ్ణి.

సాయంత్రాలు ఏ.ఎస్. రావు నగర్ నెట్ సెంటర్లో కూర్చుని ఇంటర్నెట్‌లో కథ రాసే ఆట ఒకటి ఆడేవాణ్ణి. పదకొండు మందిమి. తలో పాత్ర తీసుకుని, అది ఏం చేసిందో ఎవరికి వారు రాసి, అందరూ చదివేలా పోస్టు చేయాలి. రాజు పాత్రా, కథ నడిపే పనీ యాదగిరన్నవి. ఆయనకు బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల వ్యాపారం. అందుకేనేమో, ఆయన కథలో యుద్ధం కన్నా వంటే ఎక్కువ. నిండు కుండ తొణకదంటారు. మా కథ కుండ నిండనూ లేదు, తొణకనూ లేదు, అసలు పొయ్యే ఎక్కలేదు.

ఓ రోజు ఉండబట్టలేక అందరూ చూసేలా రాశాను: "అన్నా, సైన్యం బయల్దేరి ఆరు వారాలైంది. ఇంకా ఉల్లిపాయలు తరగడమేటి?"

యాదగిరన్నకు కోపం రాలేదు. "మంచిగ చెప్పినవ్ తమ్మీ. గీ వారం కథ నువ్వే నడుపు," అన్నాడు.

నడిపాను. ఒకే పోస్టులో భూకంపం, వరద, ఏనుగుల తొక్కిసలాట. నా వీరుడు తప్ప అందరూ పోయారు. ఆదివారం సికింద్రాబాద్ హోటల్లో అందరం కలుద్దాం రమ్మని యాదగిరన్న రాస్తే, సన్మానమే అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళాను.

ముందు సుజాత టీచర్ గారు నోరు విప్పారు. ఆటలో ఆవిడ వైద్యురాలు. "రెండేళ్ళుగా మూలికలు నూరుతూ కూర్చున్నాను బాబూ. ఒక్క రోగీ రాలేదు. నువ్వు భూకంపం తెచ్చావు, ఇక నా చేతినిండా పనే అని సంబరపడ్డాను. రెండో వాక్యంలో నన్నే ఏనుగు కింద వేశావు."

"కథ రక్తి కట్టాలని, మేడమ్..."

"రక్తి కాదు తమ్మీ, రక్తం కట్టింది," అన్నాడు యాదగిరన్న. "అందర్నీ సంపి నీ ఒక్కన్ని బతికించుకుంటివి. ఇగ వాడు ఎవలతోని మాట్లాడతడు?"

చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశాను.

"పోనీలే. కొత్త ఆట షురూ చేస్తున్నం. గీసారి రాజు నువ్వే."

నా ఛాతీ పూరీలా పొంగింది. "నిజమేనా అన్నా?"

"నిజమే. కథ షురూ అయ్యేటప్పటికే సచ్చిపోయి ఉంటవ్. సచ్చినోడు ఇంకొకల్ని సంపలేడు గద!"

నా అంత్యక్రియలను యాదగిరన్న ఐదు వారాలు నడిపాడు. మూడో వారం పాడె మీద విసుగెత్తి, 'రాజుగారు ఆవులించారు' అని రాశాను. నిమిషంలో జవాబు వచ్చింది: "పీనుగు ఆవులించదు తమ్మీ. రూల్స్ జెర సదువు."

కనుక పాఠకులారా, ఆ పాడె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి కథ ఎంత నత్తనడక నడిచినా నోరెత్తను. ఆవులింతకైనా సరే.